కాపలా పెట్టె: కొనుక్కోవాలా, కట్టుకోవాలా?

మీరెప్పుడైనా ఢిల్లీ వస్తే ఎర్రకోట, కుతుబ్‌మీనారు చూసుకున్నాక ఒక పూట నెహ్రూ ప్లేస్‌కు కూడా కేటాయించండి. కంప్యూటర్లకు అది పెద్ద సంత. తోపుడు బళ్ల మీద మౌసులూ కీబోర్డులూ కుప్పలుగా పోసి అమ్ముతుంటారు. మెట్లెక్కి పైకి వెళ్తే ఇరుకు వరండాల్లో ఒకదాన్నానుకుని ఒకటి దుకాణాలు. రెండేళ్ల క్రితం, నోయిడాలో చిన్న ఎగుమతి సంస్థ నడిపే మిత్రుడొకడు నన్ను అక్కడికి తోడు తీసుకెళ్లాడు. అతని ఆఫీసులో నలభై కంప్యూటర్లున్నాయి. వాటికీ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడి కాపలా కాసే ఫైర్‌వాల్ రౌటర్ ఒకటి కొనాలి. అదీ పని.

మొదటి దుకాణంలో నల్లటి పెట్టె ఒకటి చూపించారు. పేరుమోసిన కంపెనీది. దాని మూత విప్పకూడదు, లోపలి ప్రోగ్రాము ఎవరికీ చూపరు. పెట్టె ధర కాక మూడేళ్ల చందా కట్టాలి. రెండు దుకాణాల అవతల ఒక కుర్రాడు అది విని నవ్వేశాడు. "అంత డబ్బెందుకు సార్? మీ పాత కంప్యూటర్‌కే ఇంకో నెట్‌వర్క్ కార్డు తగిలించండి. సాఫ్ట్‌వేర్ ఉచితం. సోర్స్ కోడ్ మొత్తం మీ కళ్లెదుటే ఉంటుంది" అన్నాడు. ఊరికే వచ్చేదాన్ని నమ్మొద్దని మొదటాయన, మూత తెరవనివ్వనిదాన్ని నమ్మొద్దని ఈ కుర్రాడు. మిత్రుడు నా వైపు తిరిగి, "సైన్సు రాస్తావు కదా, నువ్వే తేల్చు" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ఆ రోజు ఏమీ కొనకుండానే తిరిగొచ్చాం. కాని తర్వాత ఈ పెట్టెల పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ పోతే ఒక సంగతి తేలింది. ఆ రెండూ ఒకే ఇంట పుట్టిన పిల్లలు. ఎప్పుడు వేరుపడ్డారో, ఎన్నిసార్లు ఒకరి వస్తువు ఒకరు పట్టుకుపోయారో తెలిస్తేనే, ఆ దుకాణదారులిద్దరిలో ఎవరి మాట ఎంతవరకు నిజమో చెప్పగలం.

తాటాకు ఇళ్ల మధ్య ఇటుక గోడ

ముందు పేరు సంగతి. పూర్వం మన కోస్తా పల్లెల్లో వేసవి వచ్చిందంటే అగ్నిప్రమాదాల భయం. ఒక తాటాకు ఇంటికి నిప్పంటుకుంటే గాలివాటున వరుస వరుసంతా బూడిదయ్యేది. ఆ వరుసలో ఎక్కడైనా ఒక ఇటుక గోడ అడ్డం వస్తే మంట అక్కడితో ఆగేది. ఇంజనీర్లు అలాంటి గోడనే ఫైర్‌వాల్ అంటారు. కంప్యూటర్లవారు ఆ మాటను అరువు తెచ్చుకున్నారు. తెలుగులో దీన్ని నిప్పుగోడ అనాలా, అగ్నికుడ్యం అనాలా అని అనువాదకులం చాలాసార్లు తర్జనభర్జన పడ్డాం. మనలో మాట, నిప్పుగోడ అంటే నిప్పుతో కట్టిన గోడ అనుకునే ప్రమాదం ఉంది. అందుకని ఫైర్‌వాల్ అనే ఉంచేస్తాను.

గోడ అవసరం ఎప్పుడొచ్చింది? 1986లో మన ఎలక్ట్రానిక్స్ శాఖ ఎర్నెట్ అనే విద్యా పరిశోధనా నెట్‌వర్క్‌ను మొదలుపెట్టింది. ఢిల్లీలోని ఆ శాఖ, అప్పటి అయిదు ఐఐటీలు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, మొత్తం ఎనిమిది సంస్థలు అందులో ఉండేవి. ఆ రోజుల్లో ఇక్కడైనా అమెరికాలోనైనా నెట్‌వర్క్ అంటే ఒకరికొకరు తెలిసిన ప్రొఫెసర్ల కుటుంబం. తలుపులకు తాళాలు వేసుకోవాలన్న ఆలోచన పెద్దగా లేదు.

1988 నవంబర్ 2న ఆ నిశ్చింత పోయింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టపన్ మోరిస్ వదిలిన ఒక చిన్న ప్రోగ్రాము తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పాకిపోయింది. అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు అరవై వేల కంప్యూటర్లుంటే, ఆరు వేల దాకా దాని బారిన పడ్డాయని అంచనా. అచ్చంగా తాటాకు ఇళ్ల వరుస లాగే. గోడ కట్టాల్సిందేనని అందరికీ అర్థమైంది ఆ తర్వాతనే.

కవరు మీది చిరునామా

గోడంటే అన్నిటినీ ఆపేది కాదు సుమా! అన్నీ ఆపాలంటే తీగ పీకేస్తే సరిపోతుంది. రావలసినవి రానిచ్చి, కూడనివి ఆపడంలోనే ఉంది చిక్కంతా.

నెట్‌వర్క్‌లో ఏ సమాచారమైనా చిన్న చిన్న ప్యాకెట్లుగా ముక్కలై ప్రయాణిస్తుంది. మామూలుగా ఒక్కో ప్యాకెట్‌లో 1,500 బైట్ల దాకా పడతాయి. యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి కనుక, మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని పంపాలంటే సుమారు నలభై ప్యాకెట్లవుతాయి. ప్రతి ప్యాకెట్ మీదా, ఉత్తరం కవరు మీద ఉన్నట్టే, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న చిరునామాలుంటాయి. వాటితోపాటు పోర్టు అనే ఒక సంఖ్య ఉంటుంది. అది ఇంట్లో ఏ గదికి వెళ్లాలో చెప్పే నంబరు వంటిది. ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు వెళ్లే ఉత్తరాలకు 25, వెబ్ పుటలకు 80 లేదా 443, ఇలా. మొత్తం 65,536 గదులున్నాయనుకోండి.

1980ల చివర్లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీలో జెఫ్రీ మోగల్ వంటివారు తయారుచేసిన తొలి ఫైర్‌వాళ్లు ఈ కవర్లు చూసి నిర్ణయించేవి. ఫలానా చిరునామా నుంచి, ఫలానా గదికి అయితే పోనివ్వు, లేకపోతే పారెయ్యి. లోపల ఏముందో చూడవు. అంతకు ముందు ఏ ప్యాకెట్ వచ్చిందో గుర్తుపెట్టుకోవు. ఈ లోపం చిన్నది కాదు. లోపలివాళ్లు బయటికి ఒక ప్రశ్న పంపితే దానికి జవాబు రావాలి కదా! అందుకని "నేను జవాబును" అని కవరు మీద గుర్తు వేసుకొచ్చిన ప్యాకెట్‌ను పోనిచ్చేవారు. ఆ గుర్తు ఎవరైనా వేసుకోవచ్చు.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలింది. అమెరికాలో ట్రస్టెడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే సంస్థలో మార్కస్ రానమ్ బృందం, ప్రభుత్వ పరిశోధన నిధులతో, రాయబారి పద్ధతి ఫైర్‌వాల్ ఒకటి తయారుచేసింది. అది బయటివాణ్ణి అసలు లోపలికే రానివ్వదు. గుమ్మంలోనే ఆపి, అతను చెప్పింది తను విని, నచ్చితే తన మాటల్లో లోపలికి చేరవేస్తుంది. 1993లో ఈ సంస్థ తన పనిముట్ల సంచిని సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. గమనించండి, ఓపెన్ సోర్స్ అన్న పేరే 1998 దాకా పుట్టలేదు. ఆ సంస్థే అదే కోడ్ ఆధారంగా గాంట్‌లెట్ అనే పేరుతో అమ్మకపు సరుకూ తయారుచేసింది. ఉచితమైనదీ ఖరీదైనదీ ఒకే ఇంట పుట్టాయని నేనన్నది ఇందుకే.

రెండో దారి ఇజ్రాయిల్‌లో పడింది. 1993లో గిల్ ష్వెడ్ మరి ఇద్దరితో కలిసి చెక్ పాయింట్ కంపెనీని స్థాపించి, మరుసటి ఏడు ఫైర్‌వాల్-1 అనే సరుకును అమ్మకానికి పెట్టాడు. దాని కిటుకు జ్ఞాపకశక్తి. ఢిల్లీ కాలనీల్లో ఇనుప గేట్ల దగ్గర కూర్చునే చౌకీదారును ఊహించుకోండి. మంచి చౌకీదారు లోపలి నుంచి ఎవరు ఎటు వెళ్లారో తన పుస్తకంలో రాసుకుంటాడు. రాత్రి పదకొండు గంటలకు ఒకడొచ్చి "నేను ఇరవై మూడో నంబరు ఇంటివాణ్ణి, తిరిగొస్తున్నాను" అంటే, పుస్తకం తీసి చూస్తాడు. పొద్దున్న అలాంటివాడెవడూ బయటికి వెళ్లకపోతే లోపలికి రానివ్వడు. ఫైర్‌వాల్-1 కూడా బయటికి వెళ్లిన ప్రతి సంభాషణకూ పట్టిక రాసుకుని, ఆ పట్టికలో ఉన్నవాటి జవాబులనే లోపలికి వదిలేది. దొంగ గుర్తుల ఆట దాంతో కట్టింది. తర్వాత వచ్చిన ఫైర్‌వాళ్లలో దాదాపు అన్నీ ఈ పట్టిక పద్ధతినే అనుసరించాయి.

ఇదే సమయంలో పిక్స్ అనే పెట్టె వచ్చింది. ఒకే ఒక్క బయటి చిరునామా వెనక ఎన్నో కంప్యూటర్లను దాచడం దాని పని. ఆఫీసుకు ఒకటే ఫోను నంబరుండి, లోపల ఆపరేటరు కలిపినట్టన్నమాట. 1995లో సిస్కో కంపెనీ దాన్ని కొనేసింది.

సీడీ మీద వచ్చిన స్వేచ్ఛ

ఆ 1995లోనే, ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. ఢిల్లీలో వ్యాపార సంస్థలు ఒక్కొక్కటిగా నెట్‌వర్క్‌కు తగులుకున్నాయి. వాటిలో ఎన్నిటికి విదేశీ ఫైర్‌వాల్ కొనే స్తోమతు ఉంటుంది?

ఇక్కడ ఒక పత్రికను తలచుకోవాలి. ఢిల్లీ కేంద్రంగా సైబర్ మీడియా ప్రచురించిన పీసీ క్వెస్ట్ 1996లో లినక్స్ సీడీని పాఠకులకు అందించింది, తర్వాత ఏళ్ల తరబడి అందిస్తూ వచ్చింది. సీడీతో పనేముంది, నేరుగా దించుకోవచ్చు కదా అంటారేమో. ఒక సీడీలో 65 కోట్ల బైట్లు పడతాయి. అంటే 520 కోట్ల బిట్లు. అప్పటి మోడెమ్ సెకనుకు 9,600 బిట్లు తెస్తే, భాగించి చూడండి, 5,41,667 సెకన్లు పడుతుంది. రాత్రింబవళ్లు ఆగకుండా ఆరు రోజులకు పైమాటే, మధ్యలో ఫోను లైను కట్ కాకుండా ఉంటే! నెహ్రూ ప్లేస్ కుర్రాడు అంత తేలిగ్గా అన్న "ఉచితం" అనే మాట వెనక అలాంటి పోస్టు కవర్లున్నాయి.

లినక్స్‌లో ఫైర్‌వాల్ పని చేసే భాగం మెల్లగా ఎదిగింది. 2001 జనవరిలో వెలువడిన 2.4 కెర్నెల్‌తో, ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ రస్టీ రసెల్ మొదలుపెట్టిన నెట్‌ఫిల్టర్ వచ్చింది. చెక్ పాయింట్ అమ్మిన ఆ చౌకీదారు పుస్తకం ఇప్పుడు ఎవరికైనా ఊరికే దొరికింది. అదే ఏడాది ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఉచిత వ్యవస్థలో తగాదా వచ్చింది. వారు వాడుతున్న ఐపీఫిల్టర్ అనే ఫైర్‌వాల్ లైసెన్సు షరతుల మీద పేచీ. మే నెలలో దాన్ని తీసి పారేశారు. ఇల్లు గోడ లేకుండా మిగిలింది. స్విట్జర్లాండ్‌కు చెందిన డేనియల్ హార్ట్‌మైయర్ పీఎఫ్ అనే కొత్త ఫైర్‌వాల్ రాస్తే, డిసెంబర్‌కల్లా అది విడుదలలో చేరింది.

పీఎఫ్ పేరు గుర్తుంచుకోండి. 2003లో స్విట్జర్లాండ్‌లోనే మాన్యుయెల్ కాస్పర్ ఎం0ఎన్0వాల్ అనే చిన్న ఫైర్‌వాల్ వ్యవస్థ విడుదల చేశాడు. నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేయనక్కర్లేకుండా బ్రౌజర్‌లో నొక్కుకుంటూ పోతే చాలు. 2004లో దాన్నుంచి పీఎఫ్‌సెన్స్ చీలింది. అందులోంచి 2015 జనవరిలో నెదర్లాండ్స్‌లో ఓపీఎన్‌సెన్స్ చీలింది. మరుసటి నెలలోనే కాస్పర్ తన ఎం0ఎన్0వాల్ పని ముగించానని ప్రకటించి, తన వాడకందారులను ఓపీఎన్‌సెన్స్ చూడమన్నాడు. మనవడికి ఇల్లప్పగించి వెళ్లిన తాతలాగా! కంపెనీ పెట్టెలకూ ఆయువు తీరుతుంది. సిస్కో పిక్స్ అమ్మకం 2008లో ఆగింది, 2013లో సేవలు కూడా ఆగిపోయాయి. తేడా ఒకటుంది. ఎం0ఎన్0వాల్ పోయినా దాని కోడ్ పిల్లల్లో మిగిలింది. పిక్స్ కొన్నవారికి మిగిలింది పెట్టె మాత్రమే.

తాళం వేసిన పెట్టెలో ఏముంది?

మూత తెరవనివ్వని పెట్టెలో అంతా ఆ కంపెనీ సొంత సొమ్మేనా? 2005 ఏప్రిల్‌లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. నెట్‌ఫిల్టర్ బృందంలోని హరాల్డ్ వెల్టే, ఫోర్టినెట్ ఫైర్‌వాల్ పెట్టెల్లో లినక్స్ కెర్నెల్ ఉందనీ, లైసెన్సు కోరినట్టు దాని సోర్స్ కోడ్ ఇవ్వడం లేదనీ ఫిర్యాదు చేశాడు. కోర్టు ఆ కంపెనీ బ్రిటన్ శాఖ మీద తాత్కాలిక నిషేధం విధించింది. కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరి, కంపెనీ ఆ భాగాల కోడ్ ఇవ్వడానికి ఒప్పుకుంది. జునిపర్ కంపెనీ రౌటర్లలోని జునోస్ కూడా ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత వ్యవస్థ మీదనే పెరిగింది. అటు, పీఎఫ్‌సెన్స్ వెనక ఉన్న నెట్‌గేట్ కంపెనీ 2021లో పీఎఫ్‌సెన్స్ ప్లస్ అనే వేరే సరుకు తెచ్చింది. దాని కోడ్ అంతా బయట పెట్టదు. ఇక గిరి ఎక్కడ గీస్తారు?

సరే, భద్రత మాటకొద్దాం. కంపెనీ పెట్టె గట్టిదని మొదటి దుకాణదారు వాదన. 2015 డిసెంబర్ 17న జునిపర్ ఒక ప్రకటన చేసింది. తమ స్క్రీన్ఓఎస్ ఫైర్‌వాళ్లలో అనుమతి లేని కోడ్ కనిపించిందట! దాన్ని ఎవరు పెట్టారో చెప్పలేదు. పరిశోధకులు మార్పుకు ముందూ తర్వాతా ఉన్న ప్రోగ్రాములను పోల్చి చూస్తే, కొన్ని గంటల్లోనే ఒక రహస్య పాస్‌వర్డు బయటపడింది. మామూలు ప్రోగ్రామర్లు తప్పులు వెతుక్కోవడానికి రాసుకునే పంక్తిలా కనిపించేటట్టు దాన్ని రాశారు, చూసినవాడు కూడా దాటిపోయేలా. ఆ పాస్‌వర్డు తెలిసినవాడు పెట్టెలోకి చొరబడవచ్చు. 2013 నుంచీ ఆ దొడ్డిదారి తెరిచే ఉంది.

మన దేశపు సరుకు సంగతి కూడా చెప్పాలి. అహ్మదాబాదులో పుట్టిన సైబరోమ్ మనవాళ్లు గర్వంగా చెప్పుకున్న ఫైర్‌వాల్. 2014లో బ్రిటన్‌కు చెందిన సోఫోస్ దాన్ని కొంది. అంతకు రెండేళ్ల ముందు, 2012లో, జోర్డాన్‌లో ఒకరికి టార్ ప్రాజెక్టు వెబ్‌సైటు తెరిస్తే నకిలీ ధ్రువపత్రం కనిపించింది. కూపీ లాగితే అది సైబరోమ్ పెట్టె ఇచ్చినదని తేలింది. రహస్య సంభాషణలను కూడా తనిఖీ చేయడానికి ఆ పెట్టెలో అలాంటి ఏర్పాటుంది. ఆఫీసు యజమాని కావాలని పెట్టుకుంటే అదొక దారి. చిక్కల్లా, అన్ని పెట్టెల్లోనూ ఒకటే తాళంచెవి ఉండడం! ఒక పెట్టెలోంచి ఆ చెవి తీసినవాడు మిగతా పెట్టెల వెనక ఉన్నవారి సంభాషణలు కూడా వినవచ్చు. కంపెనీ వెంటనే దిద్దుబాటు పంపి ఒక్కో పెట్టెకు ఒక్కో చెవి ఇచ్చింది.

అయితే కుర్రాడిదే గెలుపా? తొందరపడకండి. కోడ్ తెరిచి ఉంచితే వెయ్యి కళ్లు చూస్తాయంటారు. ఆ వెయ్యి కళ్లూ అటు తిరిగితే కదా! వైర్‌గార్డ్ అని, దూరాన ఉన్న రెండు ఆఫీసుల మధ్య రహస్య దారి వేసే పద్ధతి ఒకటుంది. దాన్ని ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్‌లో అమర్చే పనికి నెట్‌గేట్ డబ్బు పెట్టింది. 2020 నవంబర్‌లో ఆ కోడ్ ఫ్రీబీఎస్‌డీలో చేరింది. 2021 ఫిబ్రవరిలో పీఎఫ్‌సెన్స్ విడుదలలోకీ వచ్చింది. మార్చిలో వైర్‌గార్డ్ సృష్టికర్త జేసన్ డోనెన్‌ఫెల్డ్ మరికొందరితో కూర్చుని చదివితే, తీవ్రమైన లోపాలు ఒకటి కాదు, ఎన్నో బయటపడ్డాయి. వారం రోజుల్లో వారు దాన్ని తిరగరాశారు. చివరికి ఫ్రీబీఎస్‌డీ 13.0 విడుదలకు ముందే దాన్ని పూర్తిగా తీసేశారు, పీఎఫ్‌సెన్స్ తర్వాతి విడుదలలోనూ తీసేశారు. నాలుగు నెలలు అందరి కళ్లెదుటే ఉన్న కోడ్ అది. చదవవలసినవాడు చదివిన రోజున తప్పు దొరికింది, వారంలో దిద్దుబాటూ వచ్చింది. జునిపర్ విషయంలో అదే పనికి రెండేళ్లు పట్టింది. నన్నడిగితే ఓపెన్ సోర్స్‌కు ఉన్న మొగ్గు ఇంతే. ఇది తక్కువేమీ కాదు. కాని దుకాణంలో కుర్రాడు చెప్పినంతా లేదు.

గోడ ఉంది, గదుల్లేవు

ఇంతకీ ఈ తర్కమంతా దేనికో చెప్పాలంటే ఢిల్లీలోనే జరిగిన ఒక సంఘటన దగ్గరికి రావాలి.

2022 నవంబర్ 23, బుధవారం ఉదయం. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, మనందరం ఎయిమ్స్ అని పిలుచుకునే ఆసుపత్రిలో కంప్యూటర్లు పనిచేయడం మానేశాయి. ఓపీ చీట్లు, రక్తపరీక్షల నమూనాలు, పడకల కేటాయింపు అన్నీ కాగితం మీదికి వచ్చాయి. దేశం నలుమూలల నుంచి వచ్చి ముందు రాత్రి నుంచే వరుసలో కూర్చునే రోగులున్న చోట ఈ మాటకు అర్థమేమిటో ఆలోచించండి. పాత రిపోర్టు తెరవదు, కొత్త నమూనాకు బార్‌కోడ్ రాదు. దాదాపు రెండు వారాలు అలాగే నడిచింది. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు సంకేత భాషలోకి మార్చి తాళం వేశారని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అదృష్టవశాత్తు ఆసుపత్రి సమాచారానికి నకలు వేరేచోట ఉండడంతో తిరిగి పొందగలిగారు.

కారణంగా ప్రభుత్వం చెప్పింది ఏమిటంటే: నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం. పల్లెటూరి ఇల్లు గుర్తు తెచ్చుకోండి. వంటిల్లు ఒకచోట, ధాన్యపు గాదె ఒకచోట, పశువుల కొట్టం దూరంగా, గడ్డివామి ఇంకా దూరంగా. వామి అంటుకుంటే గాదెకు రాకూడదని అలా కట్టుకునేవారు. నెట్‌వర్క్‌లో కూడా అంతే. రోగుల రికార్డులు ఒక గది, ఇతర లెక్కలు ఒక గది, వచ్చీపోయేవారి కంప్యూటర్లు ఒక గది, ప్రతి గదికీ మధ్య ఒక తలుపు, ఆ తలుపుకు తన నియమాలు. వీధి గుమ్మం ఎంత గట్టిదైనా, లోపల అంతా ఒకటే హాలైతే, ఒకసారి లోపలికొచ్చినవాడికి అడ్డేముంటుంది?

ఇప్పుడు నెహ్రూ ప్లేస్ పెట్టెల వైపు మళ్లీ చూడండి. గదులు కట్టే పని రెండు పెట్టెలూ చేస్తాయి. ఏ గది పక్కన ఏ గది ఉండాలి, ఏ తలుపు ఎవరికి తెరవాలి అన్నది పెట్టెలో రాసి రాదు. ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. రాసిన తర్వాత నెలనెలా చూసుకోవాలి. కంపెనీ పెట్టెకు కట్టే చందాలో ఎక్కువ భాగం ఇలాంటి మనిషి సమయానికీ, కొత్త ముప్పుల జాబితాలకూ కట్టే ధర. చందా అయిపోతే చాలా పెట్టెలు ఆగిపోవు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, కొత్త జాబితాలు మాత్రం రావు. అదే ప్రమాదం, బాగానే ఉందనుకుంటాం. ఓపెన్ సోర్స్ పెట్టెకు చందా లేదు కాని, ఆ మనిషి ఖర్చు ఎక్కడికీ పోదు.

నేను అనువాదాలు చేసిపెట్టే ఒక సంస్థలో ఇది కళ్లారా చూశాను. పేరెందుకులెండి. హుషారైన కుర్రాడొకడు పాత కంప్యూటర్‌తో చక్కటి ఫైర్‌వాల్ కట్టాడు. నాలుగేళ్లు పైసా ఖర్చు లేకుండా నడిచింది. అతను మంచి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. ఒక సోమవారం అది ఆగిపోతే, పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, నియమాలు ఎక్కడా రాసిపెట్టలేదు. చివరికి హడావుడిలో ఎవరో ఆ పెట్టెను తప్పించి తీగను నేరుగా లోపలికి కలిపేశారు! నా అనువాదం ఫైళ్లు మూడు రోజులకు చేరాయనుకోండి, అది వేరే సంగతి. వారం రోజులు ఆ ఆఫీసు తలుపుల్లేని ఇల్లయింది.

ప్రభుత్వ కార్యాలయాల మాట వేరు. 2015 మార్చిలో కేంద్రం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించి, కొనుగోళ్లలో దానికే మొదటి చోటు ఇవ్వాలనీ, వద్దనుకుంటే కారణం చూపాలనీ చెప్పింది. ప్రైవేటు వ్యాపారికి అలాంటి నిర్బంధం లేదు. కాని మరో నిర్బంధం ఉంది. లోధీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ నికేతన్‌లో 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ అనే సంస్థ, 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశాలు జారీ చేసింది. దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లోగా తమకు చెప్పాలి. వచ్చీపోయేవాటి చిట్టాను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఆ ఏడాది సెప్టెంబర్ 25 దాకా గడువిచ్చారు.

నా మిత్రుడి బేరం తేలింది ఈ చిట్టా దగ్గరే. చిట్టాలో ఒక్కో పంక్తి 200 బైట్లనీ, నలభై కంప్యూటర్ల ఆఫీసులో సెకనుకు 20 పంక్తులనీ అనుకుందాం. రోజుకు 34.56 కోట్ల బైట్లు. 180 రోజులకు 62 గిగాబైట్ల పైచిలుకు. దుకాణంలో చూపించిన చవకరకం నల్ల పెట్టెలో అంత చోటు లేదు, చిట్టా కోసం ఇంకో యంత్రం కొనాలి. పాత కంప్యూటర్‌లోని డిస్కులో ఆ చోటు నాలుగింతలుంది.

అయినా అతను ముందు చేసింది కొనడం కాదు. ఒక ఆదివారం ఇద్దరం వారి ఆఫీసులో కూర్చుని తెల్లకాగితం మీద గదులు గీశాం. లెక్కలవాళ్లు, డిజైను విభాగం, గేటు దగ్గరి సీసీ కెమెరాలు, అతిథుల వైఫై. ఏ గది నుంచి ఏ గదికి దారి ఉండాలో బాణాలు వేశాం. కెమెరాల నుంచి లెక్కల గదికి అంతకు ముందు దారి ఉందని అప్పుడు తెలిసింది! ఆ కాగితం పట్టుకుని మళ్లీ నెహ్రూ ప్లేస్ వెళ్లాం. చివరికి ఓపెన్ సోర్స్ పెట్టే పెట్టుకున్నాడు. కాకపోతే నోయిడాలోని ఒక చిన్న సంస్థకు ఏడాది నిర్వహణ ఒప్పందం రాసిచ్చాడు, అది నల్ల పెట్టె చందాకు సగం దాకా అవుతుంది. పాస్‌వర్డు ఇద్దరికి తెలుసు, మూడో నకలు సీలు వేసిన కవరులో బీరువాలో ఉంది.

ఇంకో చిన్న ముచ్చట. ఆ ఆదేశాల్లోనే గడియారాలన్నీ ఒకే సమయం చూపాలన్న నియమం ఉంది. అందుకు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్వర్లనో, ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్లనో అనుసరించాలన్నారు. భారత ప్రామాణిక కాలాన్ని సీజియం పరమాణు గడియారాలతో నిలబెట్టేది ఆ లేబొరేటరీయే. మిత్రుడి పాత కంప్యూటర్ గడియారం చూస్తే పదకొండు నిమిషాలు వెనకబడి ఉంది. అలాగే వదిలేసి ఉంటే, దొంగ వచ్చిన వేళ ఒకటి, చిట్టాలో రాసిన వేళ ఒకటి అయ్యేది. ఆ సాయంత్రమే దాన్ని లేబొరేటరీ సమయానికి కలిపారు.